రెండులో పెట్టమ్మాయ్!

ఋతువులు ఆరని చిన్నప్పుడు బళ్ళో చదువుకున్నాం. కారు కొన్నాక గానీ ఆ లెక్క చాలదని తెలియలేదు. కారులో ఎంతమంది ఎక్కితే అన్ని ఋతువులండీ! మావారికి తలుపు వేసిన మరుక్షణం రోహిణీకార్తె. "పెంచవోయ్, ఉడికి చస్తున్నాం" అంటారు. వెనక సీట్లో మా ఆడపడుచుకి అదే నిమిషంలో మాఘమాసం. "కాస్త తగ్గించు వదినా, చెవుల్లోకి గాలి పోతోంది" అంటూ పమిట తలచుట్టూ కప్పుకుంటుంది. మా అబ్బాయికి ఏ ఋతువూ లేదు. చెవుల్లో తీగలు పెట్టుకుని కూచుంటాడు, వాడి లోకం వాడిది. ఇంతమంది ఋతువుల్నీ సర్దుబాటు చేసే బాధ్యత దేనిమీద పడిందయ్యా అంటే, స్టీరింగు పక్కన, రేడియో కింద, జానెడు పొడుగున్న ఓ ప్లాస్టిక్ పలక మీద.

మీ కారులోనూ వుంటుంది, ఓసారి చూసుకోండి. మా దాంట్లో ఎడంపక్క ఓ నాబ్, ఫ్యానుకి. సున్నా నించి నాలుగు దాకా. కుడిపక్క ఇంకో నాబ్, నీలం నించి ఎరుపు దాకా. చల్లనా, వెచ్చనా తేల్చేది అది. మధ్యలో బటన్లు. మంచుపువ్వు బొమ్మ వున్నది ఏసీ. కారు బొమ్మలో గుండ్రంగా తిరిగే బాణం వున్నది, లోపలి గాలినే మళ్ళీ మళ్ళీ లోపల తిప్పేది. అద్దం బొమ్మ మీద పాము మెలికల్లా మూడు గీతలున్నవి రెండు. ఒకటి ముందద్దం మీది ఆవిరి పోగొట్టడానికి, రెండోది వెనకద్దానికి. అంతే. ఇంట్లో పోపులపెట్టెలో గిన్నెలెన్నో, ఇంచుమించు ఇవీ అన్నే. పోపులపెట్టెలాగే, అన్నీ సవ్యంగా వున్నంతకాలం దాని సంగతి ఎవరికీ పట్టదు.

మాకు పట్టాల్సివచ్చింది.

మా మావయ్యగారికి ఎనభై దాటాయి. టెలిఫోన్స్‌లో టెక్నీషియనుగా పనిచేసి రిటైరయ్యారు. రెండేళ్ళ కిందట మూత్రపిండాలు మొరాయించాయి. అప్పట్నించీ వారానికి మూడు రోజులు, సోమ, బుధ, శుక్రవారాలు డయాలిసిస్. తెనాలి నించి దుగ్గిరాల మీదుగా విజయవాడ, పోను గంట, రాను గంట, మధ్యలో మిషను దగ్గర నాలుగ్గంటలు. మావారి బ్యాంకువాళ్ళు వారానికి మూడు సెలవులిచ్చేంత ఉదారులు కారు కాబట్టి డ్రైవరుద్యోగం నాది. జీతం లేదు గానీ గౌరవం వుంది. "మా డ్రైవరమ్మ వచ్చిందమ్మా" అని మావయ్యగారు నర్సులకి పరిచయం చేస్తారు.

డయాలిసిస్ చేయించుకునే వాళ్ళు ఇంట్లో వుంటే మీకు తెలిసే వుంటుంది. లేకపోతే తెలియకుండానే వుండాలని కోరుకుంటాను. ఒంట్లోని రక్తం గొట్టంలోంచి బయటికి వెళ్ళి, మిషనులో శుభ్రపడి, మళ్ళీ ఒంట్లోకి వస్తుంది. అలా బయట తిరిగొచ్చేసరికి మనిషికి చలి పుడుతుంది. మే నెల, రోడ్డు మీద 43 డిగ్రీలు, తారు మెత్తబడి చెప్పుకి అంటుకుంటూంటే మా మావయ్యగారు శాలువా కప్పుకుని కారెక్కుతారు. కిటికీలు దించుదామా అంటే వడగాలి, ఆ వయసుకి అదొక ప్రాణగండం. ఏసీ వెయ్యాల్సిందే. కానీ ఎంతలో వెయ్యాలన్నదే పాయింటు. ఒకటిలో వేస్తే నాకు స్టీరింగు మీద చేతులు చెమటకి జారతాయి. మూడులో వేస్తే ఆయనకి పళ్ళు టకటకలాడతాయి. రెండులో పెడితే ఇద్దరం బతుకుతాం. మొదటి నెలలోనే ఈ ఒడంబడిక కుదిరింది. కారెక్కి బెల్టు పెట్టుకోగానే "రెండులో పెట్టమ్మాయ్" అనేవారు. పెట్టేదాన్ని. కారు కదిలేది.

ఇలా వుండగా వేసంగి సెలవులకి మా ఆడపడుచు మనవడు వచ్చాడు. ఐదేళ్ళవాడు. ముందుసీట్లో వాళ్ళ నాన్న ఒళ్ళో కూచుని మామిడిరసం ప్యాకెట్టు గొట్టంతో పీలుస్తున్నాడు. రైలు గేటు దగ్గర స్పీడుబ్రేకరు వచ్చింది. వాడు ప్యాకెట్టు గట్టిగా పట్టుకున్నాడు పాపం, పడిపోకుండా. ప్యాకెట్టు పడలేదు. రసం మాత్రం గొట్టంలోంచి పిచికారీలా వెళ్ళి సూటిగా పలక మీద పడింది. వాళ్ళ నాన్న చేతిరుమాలుతో గబగబా తుడిచాడు. పైకి అంతా శుభ్రమే.

వారం తిరిగేసరికి నిజం కనిపెట్టినవాళ్ళు చీమలు. అద్దం మూల నించి డాష్‌బోర్డు మీదుగా బారులు తీరి వచ్చి, మంచుపువ్వు బటన్ పక్క సందులోకి దిగుతున్నాయి. చీమ ఊరికే క్యూలో నిలబడదండీ. ఆ సందులో పాకం వుందన్నమాట. ఇంకో నాలుగు రోజులకి ఎండకి ఆ పాకం ముదిరింది. ఏసీ బటన్ నొక్కితే లోపలికి దిగింది, పైకి రాలేదు. ఒకసారి నొక్కితే వెలిగి, ఇంకోసారి నొక్కితే ఆరే రకం అది. పైకి వస్తేగా రెండోసారి నొక్కడానికి! దాంతో ఏసీ శాశ్వతంగా వెలిగే వుంది. పక్కనున్న బాణం బటన్ కూడా సంఘీభావంగా లోపలికి దిగి కూచుంది. బయటి గాలి లోపలికి రాదు, లోపలి గాలి బయటికి పోదు.

కష్టాలు జంటగా వస్తాయని మా అత్తగారనేవారు. సరిగ్గా ఆ వారమే ఫ్యాను పోయింది. పూర్తిగా పోతే బాగానే వుండును. ఒకటి లేదు, రెండు లేదు, మూడు లేదు. నాలుగు మాత్రం హోరుమంటోంది. అంటే ఏమిటన్నమాట? సున్నాలో పెడితే కుంపటి. నాలుగులో పెడితే హిమాలయం. నాబ్ ఎరుపువైపు తిప్పి చూశాను. చలి పోయింది గానీ తుఫాను మిగిలింది. ఆ గాలికి ఆయన కళ్ళు మంటలు పుట్టాయి. ఆయన ఎదురుగా వున్న గాలి రంధ్రాలు మూశాను. మిగతా రంధ్రాల్లోంచి రెట్టింపు గాలి వచ్చింది. చివరికి పది నిమిషాలు నాలుగు, పది నిమిషాలు సున్నా, ఇలా గడియారం చూసుకుంటూ నడపడం మొదలెట్టాను. మావయ్యగారు "రెండులో పెట్టమ్మాయ్" అనడం మానేశారు. శాలువా ఇంకో మడత వేసుకుని కళ్ళు మూసుకునేవారు. ఏమీ అనకపోవడమే నాకు ఎక్కువ కష్టమనిపించింది.

కారులో ఏసీ ఆపుకోలేని అవస్థ మాకే కొత్త కాదు లెండి. కంపెనీయే ఏసీ అమర్చి అమ్మిన తొలి కార్లు అమెరికాలో 1940 మోడల్ ప్యాకార్డులు. ఆ చల్లబరిచే సరంజామా డిక్కీలో సగం ఆక్రమించేదట. అంత సరంజామాలోనూ చలేస్తే ఆపే బటన్ మాత్రం లేదు. కారాపి, ఇంజనాపి, దిగి బానెట్టెత్తి, కంప్రెసరుకున్న బెల్టు ఊడదీస్తేనే చలి ఆగేది. మళ్ళీ ఉక్కపోస్తే మళ్ళీ దిగాలి. ఇన్ని డిగ్రీలుంటే చాలు అని చెప్పేసి వూరుకుంటే వేడీ చలీ దానంతటదే చూసుకునే ఏర్పాటు 1964 మోడల్ క్యాడిలాక్‌తో వచ్చింది. ఇక మన అంబాసిడర్లూ ఫియట్లూ గుర్తున్నాయా? ముందు తలుపుకి ముక్కోణపు అద్దం వుండేది. దాన్ని బయటికి తిప్పితే గాలి మొహానికి కొట్టేది. అదే ఏసీ, అదే దాని బటనూ. అందులో చీమలు పట్టడానికేమీ లేదు. అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది. దాంతోపాటే ఆ నిశ్చింతా పోయింది.

కారు కొన్నచోటికే తీసుకెళ్ళాను. మెడకి టై, చేతిలో పలక వున్న కుర్రాడు ఒకడు వచ్చి, బటన్ రెండుసార్లు నొక్కి, పలకలో ఏదో రాసుకున్నాడు.

"ప్యానెల్ మొత్తం మార్చాలి మేడమ్. పద్నాలుగు వేలు. లేబరు వేరే. ఆర్డరు పెడితే మూడు వారాలు."

"బటన్ అంటుకుపోయింది బాబూ. విప్పి తుడిస్తే పోదా?"

"మేం తుడవం మేడమ్. మారుస్తాం."

ఆ కుర్రాణ్ణి అనడానికేం లేదు. వాడికి నేర్పింది అంతే. "ఫ్యాను?" అన్నాను. "ముందు ప్యానెల్ మార్చి చూద్దాం మేడమ్. అప్పటికీ పోకపోతే మోటారు" అన్నాడు. మూడు వారాలంటే తొమ్మిది డయాలిసిస్సులు. పద్దెనిమిది ప్రయాణాలు. నేను వేళ్ళు మడిచి లెక్కపెట్టుకుంటూంటే వాడు బిల్లు గురించి అనుకున్నాడు.

ఆ బుధవారమే తిరుగు ప్రయాణంలో వాన పట్టుకుంది. ఈదురుగాలీ, వానా. మావయ్యగారు ఆవేళ మరీ నీరసంగా వున్నారని ఫ్యాను సున్నాలో వుంచాను. బాణం బటన్ లోపలికి దిగిపోయి వుందాయె, బయటి గాలికి దారి లేదు. ఇద్దరి ఊపిరిలో తేమ ఎక్కడికి పోతుంది? వానకి చల్లబడ్డ అద్దం మీద లోపలివైపు పేరుకుంది. చూస్తూండగానే ముందద్దం పాలు పోసినట్టయిపోయింది. ఎదురుగా లారీ దీపాలు రెండు పసుపు ముద్దల్లా కనబడ్డాయి. నాలుగులో పెడితే అద్దం తేటపడుతుంది, కానీ పక్కన మనిషి వణికిపోతాడు. సున్నాలో పెడితే దారి కనబడదు. పక్కకి తీసి ఆపేశాను. చీర కొంగుతో అద్దం తుడుస్తూంటే అప్పుడు కళ్ళు తెరిచారాయన.

"అమ్మాయ్, నాలుగులో ఆడుతోంది కదూ ఫ్యాను?"

"ఆడుతోంది మావయ్యగారూ."

"అయితే మోటారుకేం రోగం లేదు. మిగతా మూడూ ఒకేసారి పోయాయంటే పోయింది రెసిస్టరు. బటన్లకి పట్టింది జిడ్డు. ఆదివారం విప్పుదాం."

అంత నీరసంలోనూ ఆ గొంతులో నేను రెండేళ్ళుగా వినని హుషారు వినిపించింది.

రెసిస్టరంటే ఏమిటో మా కృష్ణా కాలవ భాషలో చెప్పారు మావయ్యగారు. బ్యాటరీ నించి మోటారుకి కరెంటు కాలవలా వస్తుంది. దారిలో లాకులున్నాయి. ఫ్యాను ఒకటిలో పెడితే కరెంటు లాకులన్నీ దాటుకుని నీరసించి వస్తుంది, మోటారు మెల్లిగా తిరుగుతుంది. రెండులో ఒక లాకు తగ్గుతుంది, మూడులో ఇంకోటి. నాలుగులో లాకుల్లేవు, నేరుగా పారుదల. అంచేత లాకులు కాలిపోతే ఒకటి, రెండు, మూడు పోతాయి. నాలుగు మాత్రం మిగులుతుంది. డిగ్రీలు చెబితే దానంతటదే చూసుకునే రకం కార్లలో ఈ లాకులకి బదులు ఓ ట్రాన్సిస్టరు వుంటుంది, అది వేరే కథ. మాది లాకుల కారు. పద్నాలుగు వేల ప్యానెల్ మార్చినా మా ఫ్యాను బాగుపడేది కాదన్నమాట!

ఆదివారం పొద్దున్నే కాఫీలు తాగి చెట్టుకింద నీడలో కారు పెట్టాం. మావయ్యగారికి కుర్చీ వేశాను. ఎడం చేతికి డయాలిసిస్ సూదులు గుచ్చే నరం వుంటుంది, ఆ చేత్తో బరువులు ఎత్తకూడదు. కుడి చేతికి వణుకు. అందుకని బుద్ధి ఆయనది, చేతులు నావి. మావారు పేపరు పట్టుకుని గుమ్మంలో నిలబడి, "విప్పడం ఎవరైనా విప్పుతారు. మళ్ళీ బిగించడం వుంటుందా?" అని అడిగి లోపలికి వెళ్ళిపోయారు.

"ముందు బ్యాటరీ నెగటివ్ తీగ తియ్యి. తీశాక పది నిమిషాలు ఊరుకో" అన్నారు మావయ్యగారు. కార్లలో ప్రమాదం జరిగితే ఉబ్బే గాలి సంచులుంటాయి కదా, వాటి కోసం దాచుకున్న కరెంటు కాస్త సేపు లోపల నిలవుంటుంది. అది పోయేదాకా ఆగాలి. ఆ పది నిమిషాల్లో నేను ఇడ్లీ ప్లేట్లు తెచ్చాను. నవ్వకండి. విప్పిన మరలు వరసగా పెట్టుకోవడానికి ఇడ్లీ ప్లేటుని మించింది లేదు. మొదటి గుంటలో మొదట తీసిన మర, రెండో గుంటలో రెండోది. బిగించేటప్పుడు వెనక నించి వస్తే సరి. ప్రతి అంచెలోనూ సెల్‌ఫోనుతో ఓ ఫోటో కూడా తీసుకున్నాను.

పలక చుట్టూ వున్న అంచు మరలతో కాదు, లోపల క్లిప్పులతో పట్టుకుని వుంటుంది. స్క్రూడ్రైవరు దూరిస్తే గీతలు పడతాయి, విరుగుతాయి. ప్లాస్టిక్ అట్లకాడకి గుడ్డ చుట్టి, ఓ మూల నించి మెల్లిగా లేపితే టక్కు టక్కుమని వచ్చేసింది. నాబ్‌లు సూటిగా లాగితే వచ్చాయి. వెనక తీగల గుత్తుల్ని, తీగలు పట్టుకుని కాకుండా, ప్లగ్గు మీదున్న నాలుక నొక్కి తియ్యాలి. పలక ఒళ్ళోకి వచ్చింది. వెనక నాలుగు మరలు తీస్తే రెండు చిప్పలయింది.

లోపల చూస్తే ఇంతేనా అనిపించింది. పైన ప్లాస్టిక్ బటన్లు. వాటికింద మెత్తటి రబ్బరు పట్టా, ఒక్కో బటన్‌కీ ఒక్కో గుబ్బ. గుబ్బ అడుగున నల్లటి చుక్క. దానికింద పచ్చటి సర్క్యూట్ పలక మీద దువ్వెన పళ్ళలా గీతలు. బటన్ నొక్కితే నల్లచుక్క ఆ గీతల్ని కలుపుతుంది, వేలు తీస్తే గుబ్బ పైకి లేస్తుంది. మా మంచుపువ్వు బటన్ చుట్టూ మామిడిరసం గోధుమరంగు జీడిలా గట్టిపడి వుంది. అందులో ఇరుక్కుని అమరులైన చీమలు నాలుగు.

మెడికల్ షాపతను ఇచ్చిన ఐసోప్రొపైల్ ఆల్కహాల్ సీసా మూత తియ్యబోయాను.

"ఆగమ్మాయ్! పడింది ఏమిటి? చక్కెర. చక్కెర స్పిరిట్‌లో కరుగుతుందా? నీళ్ళలో కరుగుతుంది. ముందు నీళ్ళు, తరవాత స్పిరిట్."

నీళ్ళంటే కుళాయి నీళ్ళు కాదు, అందులో ఉప్పులుంటాయి. బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటరు, పెట్రోలు బంకులో దొరికేది. దాంట్లో చెవిపుల్ల ముంచి బటన్ల అంచులూ, అవి దూరే కంతలూ తుడిస్తే జీడి కరిగి వచ్చింది. రబ్బరు పట్టాని గోరువెచ్చటి సబ్బునీళ్ళలో అద్ది, కడిగి, నీడలో ఆరబెట్టాం. నల్లచుక్కల్ని గీకకూడదు, గీకితే అవి పోతాయి, బటన్ ఇక పలకదు. సర్క్యూట్ పలకని డిస్టిల్డ్ వాటరుతో తడిపి తుడిచాక, అప్పుడు స్పిరిట్‌తో తుడిచాం. స్పిరిట్ ఆ తడిని తనతో పట్టుకుపోయి తొందరగా ఆరిపోతుంది. పెట్రోలు, థిన్నరు, గోళ్ళరంగు తుడిచే ద్రవం జోలికి పోకూడదు, ప్లాస్టిక్‌ని తినేస్తాయి. "ఓ చుక్క కొబ్బరినూనె వేస్తే నున్నగా ఆడుతుంది" అని గోడ మీంచి పక్కింటాయన సలహా ఇచ్చారు. మావయ్యగారు చేతులు జోడించారు. నూనె వేసిన సందులోకి ఊళ్ళో దుమ్మంతా వచ్చి కాపరం పెడుతుంది.

కుడిపక్క నాబ్ కూడా వేలికి అంటుకుంటోంది. దాని మీద రసం పడలేదే! అది ఇంకో జాతి జిడ్డు. చేతికి మెత్తగా తగలాలని కొన్ని ప్లాస్టిక్కుల మీద రబ్బరు లాంటి పూత వేస్తారు. ఏళ్ళ తరబడి ఎండా, తేమా, చేతి చెమటా తగిలితే ఆ పూతే కరిగి బంకలా అవుతుంది. స్పిరిట్ గుడ్డతో ఓపిగ్గా తుడిస్తే పూత ఊడి, కింద గట్టి ప్లాస్టిక్ బయటపడుతుంది. కానీ బొమ్మలూ అంకెలూ ఆ పూత మీదే అచ్చయి వుంటే అవీ పోతాయి, ముందు ఓ మూల పరీక్ష చేసి చూసుకోవాలి.

పని జరుగుతున్నంతసేపూ మావయ్యగారు ఎక్స్చేంజి కబుర్లు చెబుతూనే వున్నారు. ఆయన రోజుల్లో స్ట్రోజర్ ఎక్స్చేంజిలు. అమెరికాలో అంత్యక్రియలు జరిపించే వ్యాపారి స్ట్రోజర్ అనే ఆయన 1891లో పేటెంటు పుచ్చుకున్న యంత్రం. మీరు డయలు తిప్పిన ప్రతి అంకెకీ అక్కడో ఇనప చెయ్యి మెట్లెక్కి, పక్కకి తిరిగి, కాంటాక్టు వెతుక్కునేది. "కాంటాక్టు మీద దుమ్ము పడిందా, గుంటూరు వాడికి చేస్తే గుడివాడ వాడు పలికేవాడు. రాత్రిళ్ళు లైట్లు వేసుకుని ఒక్కో కాంటాక్టే తుడిచేవాళ్ళం. వస్తువు చెడిపోయిందంటే నేను నమ్మనమ్మా. ముందు మురికి పట్టిందేమో చూడమంటాను." అలా చెబుతూ టార్చి పట్టుకున్నారు. వణికే చెయ్యి మోకాలి మీద ఆన్చుకున్నాక దీపం కదల్లేదు.

తరవాత ఎడంపక్క గ్లవ్‌బాక్సు తీశాం. దాని వెనక గాలి వడపోసే ఫిల్టరుంది. లాగితే ఓ పిడికెడు వేపాకులు, మందంగా దుమ్ము. దుగ్గిరాల పసుపు యార్డు ముందు నించి వారానికి ఆరుసార్లు తిరుగుతామేమో, ఆ దుమ్ము రంగు కూడా పచ్చగానే వుంది! రెసిస్టరు అక్కడే, ఫ్యాను గాలి దారిలో వుంటుంది. అది వేడెక్కే వస్తువు. ఫ్యాను గాలే దాన్ని చల్లారుస్తుంది. ఫిల్టరు పూడుకుపోతే గాలి తగ్గి అది మాడిపోతుంది. రెండు మరలు తీసి చూస్తే నిజంగానే తీగచుట్ట ఒకచోట తెగి నల్లబడి వుంది. ప్లగ్గు మాత్రం కరగలేదు, అదృష్టం. కరిగి వుంటే ఎలక్ట్రీషియన్ దగ్గరికే వెళ్ళాలి. అలాగే ఏసీ గ్యాసు గొట్టాల జోలికి ఇంట్లో ఎవరూ పోకూడదు, వాటిలో ఒత్తిడి మామూలుది కాదు.

అన్నీ బిగించేసరికి పన్నెండయింది. ఇడ్లీ ప్లేట్లో ఒక్క మర కూడా మిగల్లేదు. బ్యాటరీ తీగ తగిలించి, తాళం తిప్పి, మంచుపువ్వు నొక్కాను. వెలిగింది. మళ్ళీ నొక్కాను. ఆరింది. మావయ్యగారు పసిపిల్లాడిలా తనూ నాలుగుసార్లు నొక్కారు. మావారు బయటికొచ్చి చూసి, "నేను చెప్పలేదూ, చిన్న పనేనని" అన్నారు. ఎప్పుడు చెప్పారో నాకు జ్ఞాపకం లేదు.

మర్నాడు సోమవారం ఆయన్ని మిషను దగ్గర పడుకోబెట్టి ఆటోనగర్ వెళ్ళాను. కాలిన రెసిస్టరు నమూనా చూపిస్తే, కొట్టులో కుర్రాడు అటకమీంచి దాని తోబుట్టువుని తీసిచ్చాడు. ఏడువందల యాభై. ఫిల్టరు మూడువందల యాభై. ఆసుపత్రి ఆవరణలో చెట్టుకింద నేనే బిగించాను. వాచ్‌మన్ వచ్చి "డ్రైవరు రాలేదామ్మా?" అని అడిగాడు. "నేనే డ్రైవర్ని" అన్నాను.

సాయంత్రం మావయ్యగారు వచ్చి కూచున్నారు. శాలువా, బెల్టు. నేను నాబ్ మీద చెయ్యి వెయ్యబోతూ ఆగాను. ఎందుకంటారా? ఆయన రోజుకి ఎన్ని గ్లాసుల నీళ్ళు తాగాలో డాక్టరుగారు చెబుతారు. కూరలో ఎంత ఉప్పుండాలో నేను చెబుతాను. ఎన్ని గంటలు కదలకుండా పడుకోవాలో మిషను చెబుతుంది. ఎక్స్చేంజిలో వేల గొంతులు ఆయన చేతి మీదుగా వెళ్ళేవి. ఇప్పుడు ఆ మనిషి మాట చెల్లే చోటు ఇంట్లో ఎక్కడుందా అని వెతికితే, ఒకటి నించి నాలుగు దాకా అంకెలున్న ఈ చిన్న నాబ్ ఒకటుంది. కొన్నాళ్ళు అదీ పోయింది. మేం ఆదివారం పొద్దుటంతా కూచుని బాగుచేసుకున్నది ఏసీని అనుకున్నాను గానీ, అది కాదు.

"మీరే పెట్టండి మావయ్యగారూ" అన్నాను.

నాబ్ పట్టుకుని ఒకటి అన్నారు. గాలి సన్నగా వచ్చింది. రెండు. మూడు దాకా తిప్పి, అదీ ఆడుతోందని చూసి, వెనక్కి రెండుకి తెచ్చి వదిలారు. బ్యారేజీ దాటేసరికి నిద్రపోయారు. పళ్ళ చప్పుడు లేదు.

ఆ నెలంతా కారు రుసరుసలాడకుండా తిరిగింది. ఓ శనివారం మధ్యాహ్నం మావయ్యగారు మంచం మీంచి కేకేశారు.

"అమ్మాయ్, ఆ స్పిరిట్ సీసా ఇంకా వుందా?"

"వుంది మావయ్యగారూ, సగం."

"రేపు ఆదివారం కదూ. ఇంట్లో ఇంకేం చెడిపోయాయి?"

మిక్సీ బాగానే వుంది. టీవీ రిమోటు బాగానే వుంది. ఎప్పుడూ ఏదో ఒకటి మూలపడి వుండే మా ఇంట్లో, ఆవేళ చెడిపోయిన వస్తువు కోసం గదులన్నీ వెతికాను. ఆఖరికి వీధి గుమ్మంలో కాలింగ్‌బెల్ బటన్ దొరికింది. నొక్కితే పైకి రావడానికి కాస్త బద్ధకిస్తోంది. పరుగెత్తుకెళ్ళి చెప్పాను.